జెండా కర్ర

వహాబ్ మాస్టరు పాఠమంతా మోకాళ్ళ మీదే.

ఆటగాడు బెంచీ మీద కూర్చుని కాలు చాపుతాడు. వహాబ్ ఆ పాదాన్ని తన తొడమీద పెట్టుకుని, చీలమండ చుట్టూ గుడ్డ పట్టీ చుడుతూ, తల ఎత్తకుండా చెప్పవలసిందంతా అప్పుడే చెప్పేస్తాడు. పట్టీ ముడిపడేలోపల పాఠం అయిపోవాలి. అవలేదో, ఇక ఆట ముగిసేదాకా ఆయన నోరు విప్పేందుకు లేదు.

"పోలీసోళ్ళ బ్యాకు మునెయ్య ఉండాడే, వాడిది కుడికాలు బలం. నువ్వు ఎడమ పక్కనుంచి పో. తిన్నగా మీదికి పోయినావంటే కాలు విరిచి చేతిలో పెడతాడు," అన్నాడు వహాబ్, సెంటర్ ఫార్వర్డు మాలకొండయ్య పాదం బిగిస్తూ.

"సరే మాస్టరూ. కొంచెం వదులు చెయ్యండి, కాలు తిమ్మిరెక్కతా ఉండాది."

"పరిగెత్తితే పట్టీ అదే సాగుతాదిలే. ఇంకో మాట. గోలు ముందరికి పోయి కాచుకోని నిలబడబాక. నీకా రోగం ఉండాది. మనోడు బంతి తన్నే వేళకే నువ్వు వాళ్ళ బ్యాకులందర్నీ దాటి నిలబడుకోనుంటే అది ఆఫ్‌సైడు. ఎంత సొగసైన గోలు కొట్టినా గంగలో కలుస్తాది."

"అట్నే," అని మాలకొండయ్య కాలు తీసేసుకున్నాడు. మరో కాలు వచ్చి తొడమీద పడింది.

అంత తెలిసిన మనిషి ఆట మొదలయ్యాక ఎందుకు మాట్లాడకూడదంటారా? ఆ రోజుల్లో ఇలాంటి టోర్నమెంట్లకు రిఫరీ ఒక్కడే బయటినుంచి వచ్చేవాడు. గీత పక్కన జెండా పట్టుకుని తిరిగే లైన్స్‌మన్లను ఆడే జట్లే చెరొకరిని ఇవ్వాలి. జట్టు వెంట వచ్చిన ఇద్దరిలో పెద్దాయన ఎండలో జెండా పట్టుకుని పరిగెత్తుతాడా? అసిస్టెంటే పట్టుకోవాలి. జెండా పట్టినవాడు ఆటగాళ్ళతో పలకకూడదు. ఏడాది పొడుగునా ఆ కుర్రవాళ్ళను తెల్లవారుతూనే లేపి పరిగెత్తించినవాడు, బంతి బ్లాడరుకు గాలి కొట్టి తోలుతాడు బిగించినవాడు, ఎవడి కాలిలో ఎంత సత్తా ఉందో ఎరిగినవాడు, తీరా ఆట నడిచే వేళకు మూగవాడైపోతాడు. షామియానా కింద మడతకుర్చీలో కూర్చున్న కాలేజీ ఫిజికల్ డైరెక్టరు మల్లికార్జునంగారు మాత్రం ఎంతైనా అరవచ్చు. బంతి తమ గోలు ముందే కొట్టుమిట్టాడుతున్నా సరే, "షూట్! షూట్!" అనేవాడాయన. కడుపు మండదా మరి?

మండేది. పైగా ఆ కుర్చీని బస్సు టాపు మీదికి ఎక్కించేదీ, దించేదీ, నీడ చూసి వేసేదీ కూడా వహాబే. అసిస్టెంటుగా చేరిననాడు తల నల్లగా ఉండేది. ఇప్పుడు చెవుల పక్కన తెల్లబడింది. కుర్చీ గుడ్డ చిరిగితే కొత్త గుడ్డ కుట్టించాడుగాని, ఒక్కసారి కూడా అందులో కూర్చోలేదు.

ఈసారి మాత్రం ఆ కుర్చీ ఖాళీ అవుతోంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలులో కొత్త ఆఫీసులు తెరిచిన ఏడాది అది. మల్లికార్జునంగారికి అక్కడ పై ఉద్యోగం దొరికింది. ఈ టోర్నమెంటు కాగానే వెళ్ళిపోతున్నాడు. ఆయన స్థానంలో ఎవరిని వెయ్యాలో తేల్చేది వెంకటరమణయ్య శెట్టిగారు. ఆత్మకూరు బజారులో వేరుశెనక్కాయల టోకు వ్యాపారం ఆయనది. నెల్లూరులో ఆ కాలేజీ పెట్టిన వర్తకుల్లో ఆయనే పెద్దతలకాయ. ఈ టోర్నమెంటు షీల్డు కూడా ఆయన తండ్రి పేరుమీద పెట్టిందే. అందుకే ముందు ఆటలు ఆత్మకూరులోనూ, ఆఖరు ఆట ఆ తండ్రి పుట్టిన ఉదయగిరిలోనూ జరిపించేవాడు.

"నీ సంగతి శెట్టిగారి చెవిలో వేసినానయ్యా," అన్నాడు మల్లికార్జునం ఆ పూట ఉదయం, పళ్ళు తోముకుంటూ. "ఈ రెండాటలూ నెగ్గితే ఆయన మనసు ఖుషీగా ఉంటుంది. ఖుషీగా ఉన్నప్పుడు అడగాలి ఏదైనా."

"మీ దయ సార్," అన్నాడు వహాబ్. ఆ మాట అనడం ఆయనకు అలవాటే. ఈసారి మాత్రం మనసారా అన్నాడు.

ఆట మొదలైంది. ఆత్మకూరు బస్టాండు వెనక మైదానం నిండా జనం. బజారు దుకాణాలు సగం మూసేశారు. బండ్లమీద ఎక్కినవాళ్ళు, గోడలమీద ఎక్కినవాళ్ళు, చింతచెట్టు కొమ్మల్లో కూర్చున్నవాళ్ళు. నెల్లూరు పోలీసు జట్టు అంటే మాటలా? ఒక్కొక్కడూ బస్తాలు మోసేవాడిలా ఉన్నాడు. మొదటి సగంలోనే గోలు కొట్టేశారు. రెండో సగంలో మాలకొండయ్య ఎడమపక్కనుంచి పోయి, చెప్పింది చెప్పినట్టు చేసి, మునెయ్యను బోల్తా కొట్టించి సమానం చేశాడు. గీత పక్కన వహాబ్ చిరుగు తువ్వాలు కట్టిన వెదురుపుల్ల జెండాతో అతని వెంటే పరిగెత్తాడు. 'శెభాష్ రా' అనాలని నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

ఇక కాసేపట్లో ఆట అయిపోతుందనగా పోలీసులు జట్టంతా కలిసి మీదపడ్డారు. మధ్యలో బంతి చిక్కించుకున్న కాలేజీ హాఫ్‌బ్యాక్ దాన్ని దూరంగా ముందుకు తన్నాడు. తన్నే ఆ వేళకు మాలకొండయ్య ఎక్కడున్నాడు? పోలీసు బ్యాకులిద్దర్నీ దాటి, గోల్‌కీపరుకు ఎదురుగా, ఒంటరిగా. చాలా దూరం కూడా కాదు, వహాబ్ కళ్ళకు సరిగ్గా సూటిగా. గీత గీసి చూపించినట్టుంది. అంతకన్నా తేటగా ఆఫ్‌సైడు ఆయన జన్మలో చూసి ఉండడు.

చెయ్యి లేవాలి. ఎన్నేళ్ళనుంచో దానంతట అదే లేచే చెయ్యి. ఆ క్షణాన షామియానా కింద కుర్చీ కనిపించింది. దాని పక్కన శెట్టిగారి తలపాగా కనిపించింది. చెయ్యి లేవలేదు.

రిఫరీ ఒకసారి ఇటు చూశాడు. జెండా కింద ఉంది. మాలకొండయ్య తన్నిన బంతి వలలో పడింది. మైదానం పగిలిపోయేట్టు కేకలు.

ఆట ముగిశాక శెట్టిగారు కుర్చీలోంచి లేచి వచ్చి, అందరూ చూస్తుండగా వహాబ్ భుజం తట్టాడు. "నువ్వు మనోడివయ్యా," అన్నాడు. "నీలాంటి నమ్మకస్తుడు జట్టుకొకడుండాలి." ఆయనే తన చేత్తో సోడా అందించాడు. ఆ మాటకు పొంగిపోవాలో, సిగ్గుపడాలో తెలియక వహాబ్ సోడా సగం తాగి సగం ఒలకబోసుకున్నాడు. పోయిందిలే, ఒక్కసారికేం, కుర్చీలోకి వచ్చాక అంతా సరిగ్గా చేసుకోవచ్చు అని తనకు తానే చెప్పుకున్నాడు. మనిషి తనకు తాను చెప్పుకునే మాటలకేం, ఎన్నైనా చెప్పుకుంటాడు.

పట్టీలు పోగేసుకుంటుంటే మునెయ్య అటుగా వచ్చాడు. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతోంది. కోపంగా ఏమీ లేడు. నిలబడి చూసి, "ఏం మాస్టరూ, జెండా బరువైందా?" అని తన దోవన తాను పోయాడు.

*

మర్నాడు జట్టంతా ఉదయగిరి బస్సెక్కింది. బంతుల వల, జెర్సీల మూట, మడతకుర్చీ టాపు మీద. కుర్రవాళ్ళు దారిపొడుగునా పాటలు. మాలకొండయ్య తన గోలు గురించి అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతున్నాడు. వహాబ్ కిటికీ పక్కన కూర్చుని ఎండిన చేలు చూస్తున్నాడు. ఉదయగిరి కొండ, దానిమీద కూలిన కోటగోడలు కనిపించేసరికి ఎప్పుడూ ఆయనకు ప్రాణం లేచొచ్చేది. తన ఊరు. ఈసారి 'జెండా బరువైందా' అన్న మాట చెవుల్లో తిరుగుతుంటే కొండ వచ్చిన సంగతే గమనించలేదు.

సాయంత్రం ఎండ తగ్గాక, ఉతికి ఆరేసిన జెర్సీలు మడతపెట్టుకుని ట్రావెలర్స్ బంగళాకు వెళ్ళాడు. వరండాలో శెట్టిగారు, మల్లికార్జునంగారు కాఫీ తాగుతున్నారు. వాళ్ళ మధ్య, ఆ మడతకుర్చీలో, తెల్ల ప్యాంటు వేసుకున్న ఒక యువకుడు.

"రావయ్యా వహాబూ, సమయానికొచ్చినావు," అన్నాడు శెట్టిగారు. "ఈయన పెంచలనరసింహంగారు. మద్రాసులో ట్రైనింగైనాడు. మన కొత్త డైరెక్టరు. రేపటి ఆటకు ఈయనే కూర్చుంటాడు. నీకు తెలిసిందంతా ఈయనకు చెప్పాల మరి."

కొత్తాయన లేచి, ఎంతో మర్యాదగా చెయ్యి చాపాడు. "మీ గురించి చాలా విన్నాను మాస్టరుగారూ. మీరుండగా నాకేం బెంగలేదు," అన్నాడు. పాపం, అతని తప్పేముంది? వహాబ్ చేతిలో జెర్సీలున్నాయి. వాటిని ఎక్కడ దించాలో తెలియక, ఒక చెయ్యి మాత్రం లాక్కుని అందించాడు. పై జెర్సీ జారి కింద పడింది. దాన్ని కూడా ఆయనే వంగి తీసుకున్నాడు.

మల్లికార్జునం వెంట వచ్చి మెట్ల దగ్గర ఆపాడు. ముఖం చూడలేక కొండవైపు చూస్తూ మాట్లాడాడు.

"నేను చెప్పలేదనుకోవద్దు వహాబ్. గట్టిగానే చెప్పాను."

"చెప్తే?"

"చెప్తే ఆయన ఒకే మాటన్నాడయ్యా. 'వహాబును ఆ కుర్చీలో కూర్చోబెడితే వహాబు పని ఎవడు చేస్తాడు? డైరెక్టరంటే మద్రాసులో ఎంతమందైనా దొరుకుతారు, ఇట్లాంటి అసిస్టెంటును మళ్ళీ నేనెక్కడ వెతికేది?' అన్నాడు. దానికి నేనేం చెప్పను? నువ్వే చెప్పు."

ఇది అవమానమో, మెప్పుదలో ఎవరికీ తెలియకుండా చుట్టి ఇచ్చారు. బాగా చెయ్యలేదని తీసేస్తే తిట్టుకోవచ్చు, పోట్లాడొచ్చు. బాగా చేస్తున్నావు గనక అక్కడే ఉండు అంటే మనిషి ఎవరి కాలరు పట్టుకోవాలి? ఎండలో పరిగెత్తిన పరుగంతా, కట్టిన పట్టీలన్నీ, నిన్న మింగిన ఆ ఒక్క అబద్ధంతో సహా, అన్నీ కలిసి ఆ కుర్చీని ఇంకా దూరం జరిపాయన్నమాట. ఛీ, ఏం బతుకు!

"జెర్సీలు లెక్క చూసుకోండి సార్," అని మూట ఆయన చేతిలో పెట్టి, వహాబ్ మెట్లు దిగాడు.

*

వహాబ్ వాళ్ళది చెక్క పని చేసే ఇల్లు. గరిటెలు, చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు. నడవలోకి అడుగుపెడితే అరికాలికి చెక్కపొట్టు తగలాల్సిందే. అన్న వలి గోడకానుకుని, పాదాల మధ్య చెక్క ఇరికించుకుని ఆకురాయితో రుద్దుతున్నాడు. అతని భార్య సుగ్రాబీ గరుకు కాగితంతో గరిటెలకు నునుపు తెస్తోంది. తల్లి రసూల్‌బీ పొయ్యి దగ్గర. ఇంట్లో ఉర్దూ, తెలుగూ కలిసే నడుస్తాయి, ఏ మాటకు ఏది ముందు నోటికొస్తే అది.

చెప్పేద్దామనే వచ్చాడు వహాబ్. 'నాకు రాలేదు భాయ్' అని ఒక్క ముక్క. గుమ్మంలోనే వలి ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు.

"ఆత్మకూరు బస్సు డ్రైవరు చెప్పినాడురా! శెట్టి అందరి ముందర నీ భుజం తట్టినాడంట గదా! సోడా ఆయనే ఇచ్చినాడంట! ఇంక పెద్దమాస్టరువైనట్టే గదా?"

"భాయ్, అదీ..."

"ఉండు, ఉండు. సుగ్రా, అది తీసకరా."

సుగ్రాబీ దండెం మీంచి గుడ్డలో చుట్టినదేదో దించింది. వలి విప్పాడు. మూరెడు కర్ర. గరిటెలకు వాడే నర్దిచెక్క. పట్టుకునే చోట వేళ్ళు ఒదిగేట్టు సన్నని గాళ్ళు, కింద చివర చిన్న మొగ్గ, పైన గుడ్డ కట్టుకోవడానికి కన్నాలు. చమురు పట్టించి రుద్దితే పసుపుపచ్చగా మెరుస్తోంది.

"ఇదేంది?"

"జెండా కర్రరా! ఇన్నాళ్ళూ ఆ వెదురుపుల్ల పట్టుకోని తిరిగినావు. పెద్దమాస్టరంటే మంచి కర్ర ఉండొద్దా? రేపు మనూళ్ళో ఆట. అందరూ చూస్తారు."

వహాబ్‌కు నవ్వు రావాలో ఏడుపు రావాలో అర్థం కాలేదు. ఆ ఇంట్లోవాళ్ళు ప్రతి ఏడూ ఉదయగిరి ఆటకు వచ్చేవాళ్ళే. వాళ్ళ కంటికి కనిపించింది ఒకటే. ఎవడెంత పరిగెత్తుతున్నా, ఎంత గోల చేస్తున్నా, వహాబ్ జెండా ఎత్తితే అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు. రిఫరీ సైతం ఆయన వంక చూసి ఈల వేస్తాడు. షామియానా కింద ఎవరో కుర్చీలో కూర్చుని అరుస్తారు, ఆ అరుపులు ఎవరూ వినరు. మరి ఇద్దరిలో పెద్ద ఎవరు? జెండా పట్టినవాడే గదా! ఆ జెండాయే తన చిన్న హోదాకు గుర్తని, అది చేతిలోంచి పోవాలనే ఇన్నేళ్ళనుంచి కొట్టుకుంటున్నానని వాళ్ళకెలా చెప్పడం?

"ఇప్పుడు జెండా గూడా పెద్దది ఇస్తారా బేటా?" అంది రసూల్‌బీ పొయ్యి దగ్గరనుంచి.

"అదే జెండా అమ్మా," అన్నాడు వహాబ్.

"పోనీలే. కర్రన్నా కొత్తదైంది."

"చేతికి సరిపోయిందా చూడు," అన్నాడు వలి. "నీ వేళ్ళు నాకు తెలుసుగాని, కొలత తీసుకోకుండా చేసినా."

వహాబ్ పట్టుకున్నాడు. ఒక్కొక్క వేలూ దాని గాడిలో పోయి కూర్చుంది. ఏమీ చెప్పలేకపోయాడు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. అలసిపోయాడు పాపం అని వాళ్ళే అనుకున్నారు.

*

ఆఖరు ఆట ఉదయగిరి కుర్రవాళ్ళ జట్టుతో. వాళ్ళలో చెక్క పనివాళ్ళున్నారు, బస్సు క్లీనర్లున్నారు, ఒక బడిపంతులున్నాడు. కొండకింద గులకరాళ్ళ నేలమీద పుట్టి పెరిగిన కాళ్ళు. పట్టీలూ లేవు, బూట్లూ లేవు.

వహాబ్ ఎప్పటిలాగే మోకాళ్ళమీద కూర్చుని మాలకొండయ్య పాదం తొడమీదికి తీసుకున్నాడు. "ఈ నేలమీద బంతి ఎగిరెగిరి పడతాది. కాచుకోని..." అని మొదలుపెట్టాడో లేదో, కొత్త డైరెక్టరు చప్పట్లు చరిచాడు.

"అందరూ ఇటు వినండి! ఇవాళ ఆట ఎలా ఆడాలో చెబుతాను." నల్లబల్ల మీద సుద్దముక్కతో బాణాలు గీస్తూ చెప్పసాగాడు. తప్పు చెప్పలేదు. బాగానే చెప్పాడు, కాస్త ఇంగ్లీషు ఎక్కువ. కుర్రవాళ్ళు కాళ్ళు వహాబ్‌కు ఇచ్చి, తలలు అటు తిప్పుకున్నారు. అదే మొదటిసారి, వహాబ్ ఒక్కమాట మాట్లాడకుండా అందరి పట్టీలూ కట్టింది. ఆ కాస్త పాఠమూ పోయింది. ఇక మిగిలింది కాళ్ళు.

నర్దిచెక్క కర్రకు తువ్వాలు కట్టుకుని గీత మీదికి వచ్చాడు. జనంలో ముందువరసలో వలి, సుగ్రాబీ, నీడలో ముసుగు కప్పుకుని రసూల్‌బీ. కర్రను చూసి వలి పక్కవాళ్ళకు చూపించి ఏదో చెప్పుకుంటున్నాడు. బందోబస్తుకు వచ్చిన పోలీసుల్లో మునెయ్య కూడా ఉన్నాడు, లాఠీ చంకలో పెట్టుకుని, వహాబ్‌కు సరిగ్గా వెనకగా.

మొదటి సగంలోనే ఉదయగిరి జట్టు ఒక గోలు కొట్టింది. ఊరు ఊరంతా లేచి గంతులేసింది. రెండో సగమంతా కాలేజీవాళ్ళదే ఆట. కొట్టిన బంతి కొట్టినట్టు స్తంభానికి తగలడమో, బడిపంతులు తలకు తగలడమో. కొత్త డైరెక్టరు అరుస్తున్నాడు, మల్లికార్జునం అరుస్తున్నాడు, శెట్టిగారు అరవలేక తలపాగా తీసి మోకాలుమీద పెట్టుకున్నాడు. నాయన పేరుమీద షీల్డు, తన కాలేజీకి రాకుండా పోవడమా!

ఆట చివరికొచ్చింది. హాఫ్‌బ్యాక్ కాలికి బంతి దొరికింది. వహాబ్ మాలకొండయ్య కోసం చూశాడు. ఉన్నాడు. బ్యాకులిద్దర్నీ దాటి, గోలు ముందర, కాచుకుని. అదే రోగం. బంతి లేచింది.

వహాబ్ చెయ్యి కూడా లేచింది.

మాలకొండయ్య బంతిని వలలోకి కొట్టి రెండుచేతులూ పైకెత్తి పరిగెత్తాడు. షామియానా కింద ఎగిరి గంతేశారు. రిఫరీ మాత్రం ఇటు తిరిగి, పైకి నిలబడ్డ జెండా చూసి, ఈల వేసి చెయ్యి అడ్డంగా ఊపాడు. గోలు లేదు. ఆ తర్వాత కాసేపటికే ఆఖరు ఈల పడింది.

ఉదయగిరి జనం ఉప్పెనలా మీదపడి వహాబ్‌ను భుజాలమీదికి ఎత్తుకున్నారు. "మన వహాబ్ మనూరి పరువు కాపాడినాడురా!" అని కేకలు. "నేను ఊరికోసం ఎత్తలేదురా, దించండి," అని వహాబ్ మొత్తుకున్నాడు. ఎవడు వింటాడు? ఆయన ఎంత మొత్తుకుంటే వాళ్ళకంత ముచ్చట. చివరకు మునెయ్యే లాఠీ అడ్డం పెట్టి జనాన్ని పక్కకు తోసి, ఆయన్ను కిందికి దించాడు. టోపీ సర్దుకుని, ఆయన కోసం దోవ చేసిపెట్టాడు.

షామియానా కింద ఎవరూ నవ్వడంలేదు.

"ఊరి అభిమానం చూపించుకున్నావన్నమాట," అన్నాడు మల్లికార్జునం, మనసు కష్టపెట్టుకుని. "నిన్న నీకు బాధ కలిగిందని తెలుసు. దానికి కసి ఇట్లా తీర్చుకుంటావా?"

"అది ఆఫ్‌సైడు సార్."

"ఆఫ్‌సైడేలే," అన్నాడు శెట్టిగారు. గొంతు పెంచలేదు. బేరంలో మాట తప్పినవాడితో మాట్లాడినట్టు మాట్లాడాడు. "నాకూ కళ్ళున్నాయి. ఆత్మకూరులో మొన్నది గూడా ఆఫ్‌సైడే. ఆడ ఎత్తని జెండా ఈడ ఎందుకు ఎత్తినావు? అది చెప్పు నాకు."

వహాబ్ నిర్ఘాంతపోయాడు. అంటే చూశారన్నమాట! ఆ భుజం తట్టడం, ఆ సోడా, 'నమ్మకస్తుడు' అన్న మాట, అంతా చూసే! తాను ఎవరికీ తెలియదనుకుని మోసిన తప్పును వీళ్ళు తన మంచితనం కింద జమకట్టుకున్నారు. ఒళ్ళంతా మంట పుట్టింది. ఆ మంటలోనే, ఎందుకో, గొంతు తేటపడింది.

"మొన్న నాకు కుర్చీ కనపడింది సామీ," అన్నాడు. "ఇయాల బంతి కనపడింది."

శెట్టిగారు తలపాగా తీసి నెత్తిన పెట్టుకున్నాడు.

"సరే. సామానంతా ఒప్పజెప్పు. మా బస్సులో నీకు చోటు లేదు."

వహాబ్ బంతుల వల, గాలిపంపు, తోలుతాళ్ళ డబ్బా తెచ్చి ఒక్కొక్కటే కొత్త డైరెక్టరు ముందు పెట్టాడు. మడతకుర్చీని మాత్రం ముట్టుకోలేదు. దాన్ని ఎలా మడవాలో ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియదు. చూస్తూ ఊరుకున్నాడు.

ఇంటిదోవ పట్టబోతుంటే బెంచీ దగ్గర మాలకొండయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ముడి బిగిసిపోయి పట్టీ ఊడటంలేదు. వహాబ్ వెళ్ళి మోకాళ్ళమీద కూర్చుని పాదం తొడమీదికి తీసుకున్నాడు.

"మాస్టరూ, నేను నిజంగా ముందరుండానా?"

"ఉండావు. కాచుకోని నిలబడబాక అని ఆత్మకూరులోనే చెప్పినాను గదా."

"ఆత్మకూరులో కొట్టింది?"

"అదీ అంతే."

"మరి ఎత్తలేదే?"

వహాబ్ గోటితో ముడి వదులుచేసి, పట్టీ చుట్ట చుట్టి అతని చేతిలో పెట్టాడు. "నాదే తప్పురా అబ్బయా. ఇంక నీ పట్టీ నువ్వే కట్టుకో. మరీ బిగించబాక."

మైదానం ఖాళీ అయింది. గట్టుమీద వలి ఒక్కడు మిగిలాడు. తమ్ముడిని ఎవరు ఏమన్నారో, బస్సు తమ్ముడు లేకుండా ఎందుకు పోతోందో అతనికేమీ తెలియదు. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"చూసినాన్రా! నువ్వట్టా ఎత్తినావో లేదో, ఇట్టా ఆగిపోయినారు!" అన్నాడు. "ఊళ్ళో అందరూ నన్ను అడగతా ఉండారు, ఆ కర్ర ఎవరు చేసినారని. నిజం చెప్పు, బరువేమన్నా ఉండాదా? ఉంటే కింద మొగ్గ దగ్గర ఇంకొంచెం చెక్కుతా."

వహాబ్ కర్రనుంచి కాలేజీ తువ్వాలు విప్పి బెంచీ మీద పడేశాడు. ఒట్టి కర్రను చేతిలో ఒకసారి ఆడించి చూశాడు.

"ఏం చెక్కబాక భాయ్," అన్నాడు. "తేలిగ్గానే లేస్తాది."